మా వదిన, పలకల స్పీకర్లు

మా వదినంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నన్నెవరూ తప్పుపట్టరు. ఆవిడకీ నేనంటే పడదు. ఇరవై ఏడేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే కొట్లో ఉప్పూ నిప్పూలా బతుకుతున్నాం. ఆవిడ గురించి రాయడానికి నాకంటే మంచివాళ్లు దొరక్కపోరు. కానీ మంచివాళ్లు రాస్తే అన్నీ మంచి మాటలే ఉంటాయి, మనిషి కనపడదు.

మాది ఆంప్లిఫయర్ల కొట్టు. ముందు భాగం షోరూము, అది నాది. అద్దాల తలుపు, మంచి దీపాలు, వరుసగా పేర్చిన నల్ల పెట్టెలు. వెనకగది వదినది. పదడుగులకి పన్నెండడుగులు. ఒక గోడ పొడుగునా బల్ల, దాని మీద తీగ చుట్టే యంత్రం, సోల్డరింగు కడ్డీ, కరెంటు కొలిచే మీటర్లు రెండు, రాగి తీగ కండెలు. ఎదురుగా, గోడకి రెండు గజాల ఇవతల, తలుపు రెక్కల్లా నిలబెట్టిన రెండు స్పీకర్లు. గోడకి ఆనించకూడదట. ఆ రెండు గజాల జాగా ఖాళీగా పడి ఉండటం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అక్కడ నాలుగు సోఫాలు వేసి, గోడలకి గుడ్డ కొట్టించి, కొనేవాళ్లు కూర్చుని పాటలు వినే గది చెయ్యాలని నా కోరిక. చదువైపోయి నేను కొట్లోకి వచ్చే నాటికి ఆ గది నాదే అవుతుందనుకున్నాను. సరిగ్గా అదే ఏడు అన్నయ్య పెళ్లయింది.

వదిన తండ్రి మోటార్లు చుట్టేవాడు. కాలిపోయిన మోటారు విప్పి మళ్లీ తీగ చుట్టడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ చేతిలో పని. కాపురానికి వచ్చిన రెండో నెలలో, బయట ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేసిన ట్రాన్స్‌ఫార్మరు ఒకటి మా నాన్న బల్ల మీద పడి ఉంటే, ఎవరూ అడక్కుండానే విప్పి చుట్టేసింది. నాన్న దాన్ని బిగించి చూశాడు, ఆవిడ వంక చూశాడు, వెనకగది తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు. నా వంక చూడను కూడా లేదు. కంట్లో నలుసు పడిందంటే అదే, ఇప్పటికీ పోలేదు.

ఇక ఆ స్పీకర్ల సంగతి. మామూలు స్పీకరులో కాగితం కోను ఉంటుంది, వెనక తీగచుట్ట దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తుంది. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరులో కోనూ లేదు, చుట్టా లేదు. రెండు చిల్లుల రేకులు, వాటి మధ్య ఉల్లిపొర కంటే పల్చటి ప్లాస్టిక్ పొర. ఆ పొర వేల వోల్టులు పట్టుకుని ఉంటుంది. ఆంప్లిఫయరు పంపిన పాట రేకుల మీదికి ఎక్కితే మధ్యలో పొర ఊగుతుంది. మా బజారులో వీటిని పలకలంటారు. వాటిలో పాట వింటే మనిషి గదిలోకి వచ్చి పాడినట్టే ఉంటుంది, అది నేనూ కాదనను. కానీ పలకకి ఆంప్లిఫయరు కుదర్చడం పెళ్లి సంబంధం కుదర్చడం కంటే కష్టం. బరువైన శబ్దాల దగ్గర బుద్ధిగానే ఉంటుంది. శబ్దం సన్నబడేకొద్దీ కరెంటు గటగటా తాగేస్తుంది. చాలా ఆంప్లిఫయర్లు అది తట్టుకోలేక వణికి, వేడెక్కి, వాటంతట అవే ఆగిపోతాయి. పోనీ అని అడ్డగోలు బలం ఉన్నది తగిలిస్తే లోపల నిప్పురవ్వ లేచి పొరకి చిల్లు పడుతుంది.

నేను ఆంప్లిఫయరుని వాట్లు చెప్పి అమ్ముతాను. హీటరు కాయిలు లాంటి రెసిస్టరు తగిలించి, మీటరు చూపించి, రసీదు రాసేస్తాను. బజారు మొత్తం చేసేది అదే. రెసిస్టరు మీద ప్రతి ఆంప్లిఫయరూ సింహమే. వదిన మాత్రం పలకలున్న వాళ్లు వస్తే, ఆంప్లిఫయరుని వాళ్లింటికి మోయించి, వాళ్ల గదిలో, వాళ్ల పలకలకే తగిలించి, రెండు గంటలు మోగించేది. ఈలోగా అరచెయ్యి ఆంప్లిఫయరు మీద పెట్టి కూర్చునేది. ఒంటరిగా వినేది కాదు. ఇంట్లో వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేది. "ఆవిడ పాట ఎత్తుకునే ముందు గాలి పీల్చుకోవడం వినిపించిందా? వయొలిన్ కమాను వెనక్కి తిరిగేటప్పుడు గరుగ్గా ఉందా, నున్నగా ఉందా?" రెండు గంటల కాలక్షేపం అయ్యాక ఒక్కోసారి "ఇది మీకు సరిపోదండీ" అని పెట్టె తిరిగి మోయించుకొచ్చేసేది. అమ్ముడుపోయిన సరుకుని వెనక్కి తెచ్చే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ ప్రశ్నలన్నీ చాదస్తమనుకునేవాణ్ణి. అసలు కారణం నాకు ఒక ఎండాకాలం తెలిసింది. వెనకగదిలో పాత పవర్ సప్లయి ఒకటి సన్నగా ఈల వెయ్యడం మొదలుపెట్టింది. షోరూములో కూర్చున్న నాకే తల పగిలిపోతోంది. వెళ్లి చూస్తే దానికి జానెడు దూరంలో వదిన నిమ్మళంగా తీగ చుట్టుకుంటోంది.  మర్నాడు ఫోనులో సన్న శబ్దం ఒకటి పెట్టుకుని ఆవిడ వెనకాల నిలబడ్డాను. పక్కకొట్టు కుక్క గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి మొరిగింది. వదిన తల తిప్పింది కుక్క అరుపుకే. చుట్టే యంత్రం కీచుమంటూ పాతికేళ్లు ఆవిడ చెవి పక్కనే తిరిగింది. సన్న శబ్దాలన్నీ అది నమిలేసింది.

నాకు సిగ్గెయ్యాలి. వెయ్యలేదు. కడుపులో చల్లగా అనిపించింది. నోట్లో నువ్వుగింజ నానని నేను ఆ సంగతి నాలుగు నెలలు దాచుకున్నాను, సరైన రోజు కోసం.

ఆ రోజుని కంటి డాక్టరు తెచ్చిపెట్టాడు. నెమ్మదైన మనిషి. భార్య బళ్లో లెక్కలు చెప్పే టీచరు, ఆవిడ అంత నెమ్మది కాదు. ఎవరో తెలిసినవాళ్ల దగ్గర పలకల జత కొనుక్కుని, ఆంప్లిఫయరు కోసం మా కొట్టుకి వచ్చారు. నా దగ్గర మూడు వందల వాట్ల పెట్టెలు నాలుగు కదలకుండా కూర్చున్నాయి. దుమ్ము తుడిచి ఒకటి చూపించాను.

"కొండని కదిలిస్తుందండీ" అన్నాను.

వెనకగది గుమ్మంలోంచి వదిన గొంతు వినిపించింది. "కొండల సంగతేమో గానీ, పలక దగ్గర పది నిమిషాలు నిలబడదు. పలకకి కావలసింది బలం కాదండీ, ఓపిక. నలభై వాట్ల వాల్వు ఆంప్లిఫయరు, గాజు బుడ్లది, ఒకటుంది. దాని ట్రాన్స్‌ఫార్మరు నేను పలకల కోసమనే చుట్టాను."

"నలభై!" అన్నాను. "ఏనుగు దాహానికి చూరునీళ్లు."

"ఏనుగెవరో డాక్టరు గారికి తెలుస్తోందిలే" అంది.

డాక్టరు నవ్వాడు. నవ్వడం వల్లే వచ్చింది తంటా అంతా. కొనేవాళ్ల ముందు నన్ను నవ్వులపాలు చేస్తే నేను ఊరుకోను.

"తేడా మీకు నిజంగా తెలుస్తుందా వదినా? రెండూ దుప్పటి వెనక పెడితే, చూడకుండా చెప్పగలరా?"

"చెప్తాను."

"చెప్పలేకపోతే?"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం ఎందుకో నాకొక్కడికే తెలుసు. "చెప్పలేకపోతే ఆ గది నీకిచ్చేస్తాను. చెప్తే ఇంక నువ్వు దాని పేరెత్తకూడదు."

అప్పటిదాకా బిల్లుపుస్తకం వెనక దాక్కున్న అన్నయ్య లేచాడు. "ఇప్పుడెందుకివన్నీ..."

"నువ్వుండు అన్నయ్యా" అన్నాను నేను. "మీరుండండి" అంది ఆవిడ. ఇరవై ఏడేళ్లలో మేమిద్దరం ఒకే మాట అన్నది అన్నయ్యని కూర్చోబెట్టడానికే.

ఆదివారం పొద్దున డాక్టరు గారింటికి చేరాం. వాళ్ల ముందుగది పొడుగ్గా ఉంటుంది, పుస్తకాల బీరువా, కిటికీ పక్కన పలకలు. రెండు ఆంప్లిఫయర్లూ సోఫా వెనక నేల మీద పెట్టి, పైన దుప్పటి కట్టాం. తీగలు మార్చే పని డాక్టరుది. ఏది ఒకటో ఏది రెండో ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. నా ఆంప్లిఫయరు పలకల మీద ఆగిపోతుందని నాకూ తెలుసు. అందుకని నా తీగలో, మధ్యలో, ఒక్క ఓము పింగాణీ రెసిస్టరు దూర్చి పైన నల్ల టేపు చుట్టాను. అది అడ్డుంటే ఆంప్లిఫయరు వణకదు, ఎంతసేపైనా మోగుతుంది. బదులుగా సన్న శబ్దాలు చచ్చిపోతాయి. కమాను గరుకు పోతుంది, పాడే మనిషి ఊపిరి పోతుంది. బజారులో చాలామంది చేసేదే, పెద్ద నేరమేం కాదు. కాకపోతే అందులో పోయేవి సరిగ్గా మా వదినకి వినపడనివే. రెండు ఆంప్లిఫయర్లకీ ఇక ఆవిడ చెవిలో తేడా ఉండే దారే లేదు. అంత పకడ్బందీగా ఆలోచించాను.

ఒకటి మోగింది. వయొలిన్, తర్వాత ఒకావిడ పాట. వదిన మధ్య కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది. తర్వాత రెండు మోగింది. మళ్లీ ఒకటి. ఆవిడ మొహంలో ఏమీ లేదు. చీర కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంటోంది. చూస్తూ ఉంటే నాకు ఎంత సుఖంగా ఉందో! గదిలో సోఫాలు ఏ రంగువి వెయ్యాలో కూడా ఆలోచించుకున్నాను.

అప్పుడావిడ లేచి, "టీచరు గారూ, మీరిలా కూర్చోండి" అంది.

"అదేం కుదరదు. వినాల్సింది మీరు" అన్నాను.

"రోజూ వినేది వాళ్లు కదయ్యా. వాళ్లకి తెలియని తేడా నాకు తెలిసి ఏం లాభం?"

టీచరు కూర్చుంది. వదిన ఆవిడ పక్కన నేల మీద చతికిలబడి తన ప్రశ్నలు మొదలుపెట్టింది. లెక్కల టీచరు కదా, జవాబులు కూడా మార్కులు వేసినట్టే చెప్పింది. "ఒకటోదాంట్లో ఊపిరి లేదు. రెండోదాంట్లో ఉంది. కమాను తిరగడం ఒకటోదాంట్లో నున్నగా ఉంది, రెండోదాంట్లో గరుగ్గా ఉంది. ఒకటోదాంట్లో ఆవిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని పాడుతోంది."

"ఎంతసేపైంది మొదలెట్టి?" అని వదిన అడిగింది.

"నలభై నిమిషాలు" అన్నాడు డాక్టరు.

"ఒకటోది మా మరిదిది. కానీ అది ఈపాటికి ఆగిపోయి ఉండాలి. ఆగలేదంటే తీగలో ఏదో ఉంది."

సోఫా వెనక్కి వెళ్లి వంగింది. రెండు వేళ్ల మధ్య తీగ పట్టుకుని జారుస్తూ పోయి ఒక చోట ఆగింది. గోటితో టేపు ఊడబెరికింది. తెల్లటి పింగాణీ ముక్క డాక్టరు అరచేతిలో పెట్టి, "వేడిగా ఉంది కదండీ?" అంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలని తన్నేవాడుంటాడంటారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"ఏంట్రా ఇది?" అన్నాడు అన్నయ్య. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అంతే, నా నోరు నా చేతిలో లేదు. "అడగవలసింది నన్ను కాదు, ఆవిడని! ఆవిడకి చెవుడు! సన్న శబ్దం ఒక్కటంటే ఒక్కటి వినపడదు. అందుకే టీచరు గారిని కూర్చోబెట్టింది. ఇన్నాళ్లూ వినపడని చెవులతో ఊరందరికీ ఆంప్లిఫయర్లు కుదురుస్తోంది. మోసం నాదా, ఆవిడదా?"

గదిలో పాట ఇంకా మోగుతూనే ఉంది. టీచరు వెళ్లి ఆపింది. వదిన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎప్పుడూ ఎవరి ఆసరా కోసమూ చూడని మనిషి, ఆ రోజు కళ్లతో అన్నయ్యని వెతుక్కుంది.

"నిజమేనా?" అన్నాడు అన్నయ్య.

"ఆరేళ్లయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు జాలిపడతారు. జాలిపడి పని మానెయ్యమంటారు."

 అన్నయ్య అలాగే అనేవాడు, నాకూ తెలుసు. డాక్టరు ఆ పింగాణీ ముక్కని బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా, "మేం ఆలోచించుకుని చెప్తామండీ" అన్నాడు. రెండు ఆంప్లిఫయర్లూ తిరిగి ఆటో ఎక్కాయి.

పెదవి దాటితే పృథివి దాటుతుంది. మంగళవారానికల్లా బజారంతా తెలిసింది. చెవిటి మనిషి చేత ఆంప్లిఫయర్లు ఎంపిక చేయించుకుంటారట అని టీకొట్టు దగ్గర నవ్వుకున్నారు. ఒకాయన ఇచ్చిన ఆర్డరు వద్దన్నాడు, ఇంకొకాయన బాగుచెయ్యమని ఇచ్చిన పెట్టె వెనక్కి పట్టుకుపోయాడు. పందెం ఆవిడ గెలిచింది, గది మాత్రం దానంతటదే నా చేతికి వచ్చేలా ఉంది. సంతోషించావా అంటే సంతోషించాను. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. ఆయన మాట్లాడినా మాట్లాడకపోయినా కొట్లో పెద్ద తేడా ఉండదని సర్దిచెప్పుకున్నాను.

గురువారం నేను కొట్టు చేరేసరికి నా అద్దాల తలుపుకి చెక్క బోర్డు ఒకటి వేలాడుతోంది. వదిన దస్తూరీ. అక్షరాలు ఒకటి లావు, ఒకటి సన్నం.

"ఇక్కడ ఆంప్లిఫయర్లు చూసే మనిషికి సన్న శబ్దాలు వినపడవు. మీ చెవులు మీరు తెచ్చుకోండి."

"నా తలుపుకా తగిలించారు?" అని అరిచాను.

"చాటింపు నువ్వే వేశావుగా. సగంలో ఆపేశావు, మిగతాది నేను రాశాను."

"పరువు పోతుంది!"

"ఎవరిది? నాది ఆదివారమే పోయింది. నీ దగ్గర ఇంకా ఏమైనా మిగిలితే లోపల దాచుకో."

బోర్డు పీకుదామని చెయ్యెత్తాను. అన్నయ్య వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.  చెయ్యి దించాను. రెండు వారాలు జనం ఆ బోర్డు చదవడానికే ఆగేవారు. కొందరు నవ్వి పోయేవారు. ఒక సాయంత్రం లెక్కల టీచరు వచ్చి, నా వంక చూడకుండా నేరుగా వెనకగదిలోకి పోయి, "చెవులు తెచ్చుకున్నానమ్మా" అంది. ఆ నలభై వాట్ల పెట్టె ఆ రోజే వాళ్లింటికి వెళ్లింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. మునుపటంతమంది రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకు వచ్చేవారు. వెనకగదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

కొనేవాళ్లు తెచ్చుకున్న చెవులు వాళ్లతోనే వెళ్లిపోతాయి. కొత్త ట్రాన్స్‌ఫార్మరు చుట్టి చూసుకునేటప్పుడు ఆవిడకి చెవులు ఎవరివి? కొన్నాళ్లు అన్నయ్యని కూర్చోబెట్టింది. లోపల్నుంచి ఆయన గొంతు నాకు వినపడేది. "అబ్బ, ఎంత బాగుందో." ఇంకోటి బిగిస్తే, "ఇది ఇంకా బాగుంది." తీగ ఊడిపోయి ఒకవైపే మోగుతున్నప్పుడు కూడా బాగుందన్నాడు.

ఒక మధ్యాహ్నం వదిన నా కౌంటరు ముందుకి వచ్చి నిలబడింది. ఆ ఆదివారం తర్వాత పనిగట్టుకుని నా దగ్గరికి రావడం అదే మొదలు.

"లోపలికి రా."

"ఎందుకు?"

"వినాలి."

"అన్నయ్య ఉన్నాడుగా."

"ఆయనకి నేనేం చేసినా బాగానే ఉంటుంది. నన్ను సంతోషపెట్టాలని అబద్ధమాడని వాడివి ఈ ఇంట్లో నువ్వొక్కడివే."

వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. పలకల ఎదురుగా కుర్చీ వేసి ఉంది. మూడు రోజులు కూర్చుని చుట్టిన ట్రాన్స్‌ఫార్మరట, రెండు వేల చుట్లు. పొర మీద పొర, మధ్యలో కాగితం. ఆవిడ కళ్ల కింద నల్లగా ఉంది. పాట పెట్టి నా మొహం వంక చూస్తూ నిలబడింది. బాగున్నా బాగాలేదని చెప్పేసి పోదామనే లోపలికి వచ్చాను. ఆ అవసరం రాలేదు. నిజంగానే బాగాలేదు.

"ఊపిరి లేదు వదినా" అన్నాను. "కమాను కూడా నున్నగా ఉంది. ఎంతో కాదు గానీ, పోయింది."

తిడుతుందనుకుని లేచి నిలబడ్డాను. ఆవిడ ఆంప్లిఫయరు ఆపి, ప్లగ్గు పీకి, కాసేపు చల్లారనిచ్చింది. తర్వాత మరలు విప్పి ట్రాన్స్‌ఫార్మరు బయటికి తీసింది. దాని ఇనుప రేకులు ఒక్కొక్కటే ఊడదీసి, లోపలి తీగచుట్టను యంత్రానికి తగిలించి, తీగ కొస పట్టుకుంది. ఏం చెయ్యబోతోందో అర్థమయ్యేసరికి నాకు భయమేసింది.

"ఆగండి. ముందు ఇంకెవరినైనా అడగండి. టీచరు గారిని పిలవండి. నేను పొరపాటు పడి ఉండొచ్చు."

"నువ్వు చెప్పావుగా" అంది.

పాతికేళ్లు షోరూములో నిలబడి ఎంతమందికి ఎన్ని మాటలు చెప్పానో లెక్కలేదు. ఇంకో కొట్లో వాకబు చెయ్యకుండా నా మాట మీద ఒక్క పెట్టె కొన్నవాడు లేడు. వదిన తలెత్తలేదు. యంత్రాన్ని వెనక్కి తిప్పుతూ, నేను చూస్తుండగానే, ఆ రెండు వేల చుట్లూ విప్పేసింది.